ప్రసవవేదనతో పోరాడిన వైద్యుడు – సర్ జేమ్స్ యంగ్ సింప్సన్

కాన్పు స్త్రీకి పునర్జన్మ అని మన ఇండ్లలో నేటికీ అంటారు. ఆ మాటలో ప్రాణభయమే కాదు, వేదన కూడ ఇమిడి ఉన్నది. పురిటిగది తలుపు వెలుపల నిలిచి లోపలి కేకలు విన్నవారికి ఆ వేదన ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా వైద్యశాస్త్రం చిరకాలం దానిని తీర్చవలసిన బాధగా ఎంచలేదు. జ్వరానికి మందు ఇచ్చినది, గాయానికి కట్టు కట్టినది; పురిటినొప్పిని మాత్రం ప్రకృతిధర్మమని, ఓర్చుకొనడమే ఆడుదాని పని అని వదలివేసినది. బాధ ఉన్నదంటే చికిత్సకు అదే చాలిన కారణమని, ప్రసవించే తల్లి బాధ ఇందుకు మినహాయింపు కాదని వాదించి, ఆచరించి చూపినవాడు స్కాట్లండు దేశీయుడైన జేమ్స్ యంగ్ సింప్సన్. ఆయన చేపట్టిన మందు ఈనాడు పురిటిగదిలో లేదు. ఆయన చేపట్టక విడిచిన ఒక వాయువు మాత్రం అనేక దేశాలలో నేటికీ ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చూచినప్పుడే ఆయన జీవితం మనకు పూర్తిగా బోధపడుతుంది.

సింప్సన్ 1811 జూన్ 7వ తేదీన ఎడింబరో నగరానికి పడమట నున్న బాత్‌గేట్ అనే చిన్న ఊరిలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ రొట్టెలు కాల్చి అమ్ముకొనేవాడు. ఈ ఏడవ కుమారుడు పుట్టేనాటికి ఆ అంగడి మూతపడే స్థితిలో ఉన్నది. తల్లి మేరీ తానే పూనుకొని వ్యాపారాన్ని నిలబెట్టినది. కొడుకునకు తొమ్మిదవ ఏట ఆమె కన్నుమూసినది. ఇంటిల్లిపాదిలో ఒక్కడైనా పెద్దచదువు చదువవలెనని అన్నలు నిశ్చయించుకొని, కడగొట్టువాడైన జేమ్స్ కోసం తమ సంపాదనలో తలా కొంత తీసి పెట్టినారు. అన్న అలెగ్జాండర్ అతనికి జీవితాంతం తండ్రివంటివాడు. ఉమ్మడి కుటుంబపు త్యాగాలు మన దేశానికే సొంతమని అనుకొనేవారు ఈ రొట్టెలవాని ఇంటి కథ చదువవలసినది.

పదునాలుగవ ఏట, 1825లో, ఆ బాలుడు ఎడింబరో విశ్వవిద్యాలయంలో ప్రవేశించినాడు. రెండేండ్ల తరువాత వైద్యం వైపు మళ్ళినాడు. విద్యార్థిగా ఉండగా ఒకనాడు రాబర్ట్ లిస్టన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఒక కొండప్రాంతపు స్త్రీకి రొమ్ము కోసివేస్తుండగా చూచినాడట. మత్తుమందు లేని కాలమది. రోగి మెలకువగా ఉండగానే నలుగురు పట్టుకొనేవారు, వైద్యుడు కత్తి వేసేవాడు. చేతివేగం ఒక్కటే ఆనాటి దయ. సింప్సన్ ఆ గదిలోనుండి నేరుగా న్యాయస్థానానికి నడచిపోయి, గుమాస్తా పని ఏదైనా దొరుకుతుందేమోనని విచారించినాడని ఆయన చరిత్రకారులు వ్రాసినారు. కాని పారిపోలేదు, తిరిగి వచ్చినాడు. ఆ తిరిగి రావడంలోనే, ఈ బాధను ఎట్లా తొలగించడమన్న ప్రశ్న ఆయనకు తోడుగా వచ్చినది.

1830లో శస్త్రవైద్యుల కళాశాల పరీక్షలో నెగ్గినా, పట్టం పొందడానికి వయస్సు చాలక 1832 వరకు వేచి ఉండవలసి వచ్చినది. ఆయన వ్రాసిన పరిశోధన వ్యాసాన్ని చదివిన ఆచార్య జాన్ టామ్సన్ మెచ్చుకొని తన సహాయకునిగా పెట్టుకొన్నాడు. 1839లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ప్రసూతివైద్య ఆచార్యపదవి ఖాళీ అయినది. ఆ నియామకం ఆనాడు నగరసభ చేతిలో ఉండేది. సింప్సన్‌కు ఇరువది ఎనిమిదేండ్లు, పైగా అవివాహితుడు. పెండ్లి కానివాడు పురుళ్ళశాస్త్రం ఎట్లా బోధిస్తాడని కొందరు ఆక్షేపించినారు. ఆయన తడవు చేయక లివర్‌పూల్ వెళ్ళి, డిసెంబరు 26వ తేదీన జెస్సీ గ్రిండ్లే అనే బంధువుల కన్యను వివాహమాడి వచ్చినాడు! 1840 ఫిబ్రవరి 4న జరిగిన ఎన్నికలో పదునేడు వోట్లు ఆయనకు, పదునారు ప్రత్యర్థికి లభించినవి. ఒక్క వోటు తేడా. ఆ ఒక్క వోటు అటు పడి ఉంటే పురిటిగదుల చరిత్ర ఎట్లా ఉండేదో.

ఇక్కడ కొంచెం వెనుకకు పోవాలి. బొగ్గుగనులలో వాడే రక్షకదీపం వలన మన విద్యార్థులకు సుపరిచితుడైన హంఫ్రీ డేవీ, తన యౌవనంలో, 1799లో, బ్రిస్టల్ నగరంలో నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువును తానే పీల్చి పరీక్షించినాడు. అది పీల్చినవారు కారణం లేకుండ నవ్వడం వలన దానికి నవ్వించే వాయువు అని పేరు వచ్చినది. అది పీల్చినప్పుడు తన చిగురునొప్పి తగ్గిపోవడం గమనించి, రక్తస్రావం ఎక్కువగా ఉండని శస్త్రచికిత్సలలో దీనిని వాడవచ్చునని 1800లో ప్రకటించిన గ్రంథంలో సూచించినాడు. ఆ సూచన నలుబది నాలుగేండ్లు అట్లే పడి ఉన్నది. ఆ వాయువు వేడుకలలోను, సంతలలోను వినోదవస్తువై తిరిగినది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఆ వాయువును పీల్చి తన పన్నునే తీయించుకొని, నొప్పి తెలియక పోవడం చూచి ఆశ్చర్యపడినాడు. మరుమాసంలో బోస్టన్‌లో పండితుల ఎదుట ప్రయోగం చేసినప్పుడు రోగి మధ్యలో కేక వేసినాడు. సభికులు నవ్వి వెళ్ళిపోయినారు. ఆ నవ్వుతో ఒక మంచి సాధనం మళ్ళీ మూలపడినది. 1846 అక్టోబరు 16వ తేదీన అదే బోస్టన్‌లో వెల్స్ శిష్యుడు, ఒకప్పటి భాగస్వామి అయిన మార్టన్ ఈథర్‌తో విజయం సాధించినాడు. ఆ వార్త సముద్రం దాటి వచ్చిన వెంటనే డిసెంబరు 21న లండన్‌లో ఈథర్ ఇచ్చి కాలు తీసివేసిన శస్త్రవైద్యుడు ఎవరు? ఆ లిస్టనే.

సింప్సన్ సెలవులలో లండన్ వెళ్ళి లిస్టన్‌ను కలుసుకొన్నాడు. ఎడింబరోకు వచ్చి 1847 జనవరి 19న, కటి ఎముకలు వంకరపోయి కాన్పు కష్టమైన ఒక స్త్రీకి ఈథర్ ఇచ్చినాడు. అందరి భయం ఒక్కటే: స్పృహ పోతే గర్భాశయం కూడ పనిచేయడం మానివేస్తుందేమో, బిడ్డ లోపలే ఉండిపోతుందేమో. అట్లా జరుగలేదు. తల్లికి నొప్పి తెలియలేదు గాని గర్భాశయం తన పని తాను చేసుకొనిపోయినది. బిడ్డను బయటికి నెట్టే శక్తి వేరు, ఆ నెట్టుటలో కలిగే బాధ వేరు అని ఋజువైనది. శాస్త్రదృష్టితో చూస్తే సింప్సన్ సాధించిన వాటిలో ఇదే గొప్పదని నా అభిప్రాయం. తరువాతి కథకు క్లోరోఫారం అని పేరు వచ్చినా, పునాది ఆనాడే పడినది. ఆ వారమే విక్టోరియా రాణి స్కాట్లండులో తనకు వైద్యునిగా ఆయనను నియమించినది. ఆ గౌరవంకన్న ఒక తల్లి నొప్పి లేకుండ కనడమే తనకు ఎక్కువ సంతోషం కలిగించినదని ఆయన అన్నకు వ్రాసుకొన్నాడు.

ఈథర్‌కు లోపాలున్నవి. వాసన ఘాటు, దగ్గు తెప్పిస్తుంది, పెద్ద సీసాలు మోసుకొని ఎడింబరో మేడమెట్లు ఎక్కాలి, దీపం సోకితే భగ్గుమంటుంది. అంతకన్న మంచిది ఏదైనా ఉన్నదా అని సింప్సన్ తన సహాయకులైన జార్జి కీత్, మాథ్యూస్ డంకన్‌లతో కలిసి రాత్రివేళ భోజనాలబల్ల చుట్టూ కూర్చుండి, దొరికిన ప్రతి ద్రవాన్నీ గ్లాసులలో పోసుకొని పీల్చి చూచేవాడు. ఈ ముగ్గురూ బ్రతికి ఉన్నారో లేదో చూచి పోవడానికి పొరుగునున్న ఆచార్య మిల్లర్ ఉదయమే వచ్చేవాడట. నేటి పరిశోధనాలయాల నియమాలకు ఇది పూర్తిగా విరుద్ధం. విద్యార్థులు అనుకరించ తగినది కాదు.

క్లోరోఫారాన్ని 1831 ప్రాంతంలో అమెరికాలో గత్రీ, ఫ్రాన్సులో సూబేరాన్, జర్మనీలో లీబిగ్ ఎవరికి వారే కనిపెట్టి ఉన్నారు. దానిని పరీక్షించవలసినదని సింప్సన్‌కు సలహా ఇచ్చినవాడు లివర్‌పూల్‌లో పనిచేస్తున్న డేవిడ్ వాల్డీ అనే రసాయనజ్ఞుడు. ఈ వాల్డీ తరువాత 1853లో కలకత్తా వచ్చి రసాయనపరిశ్రమ స్థాపించి, ఇక్కడనే స్థిరపడినాడు. తనకు రావలసిన కీర్తి తనకు దక్కలేదన్న బాధ ఆయనకు ఉండేది. అది అకారణం కాదు; సింప్సన్ తన ప్రకటనలో వాల్డీ పేరును అడుగున ఒక చిన్న సూచికలో మాత్రమే పేర్కొన్నాడు.

1847 నవంబరు 4వ తేదీ రాత్రి, క్వీన్ వీధిలోని 52వ నంబరు ఇంటిలో, బరువుగా ఉన్నదని పక్కకు పెట్టిన ఆ సీసా మూత తీసినారు. మొదట ముగ్గురికీ ఉత్సాహం వచ్చినది, మాటలు పెరిగినవి, అంతలో నిశ్శబ్దం. సింప్సన్ కన్నులు తెరచేసరికి తాను నేలపై ఉన్నాడు. డంకన్ కుర్చీ కింద గుర్రు పెడుతున్నాడు, కీత్ బల్లను కాళ్ళతో తన్నుతున్నాడు. ఇది ఈథర్‌కన్న బలమైనదన్న భావమే తనకు మొదట తోచినదని ఆయన తరువాత చెప్పుకొన్నాడు.

నాలుగు రోజులకే, నవంబరు 8న, అది పురిటిగదికి చేరినది. ఆమె ఒక వైద్యుని భార్య. మొదటి కాన్పులో మూడు రోజులు నొప్పులు పడి, చివరకు బిడ్డ తలను ఛేదించి తీయవలసి వచ్చిన అభాగ్యురాలు. రెండవసారి నొప్పులు ఆరంభమైన మూడున్నర గంటలకు సింప్సన్ జేబురుమాలును గరాటువలె చుట్టి, అరచెంచా క్లోరోఫారం పోసి, ముక్కు దగ్గర పట్టినాడు. పది పన్నెండు నిమిషాలకు మరొకమారు తడిపినాడు. ఇరువది అయిదు నిమిషాలలో బిడ్డ పుట్టినది. బిడ్డ ఏడ్పుకు కూడ తల్లి మేలుకొనలేదు. మేలుకొన్న తరువాత, హాయిగా నిద్రపోయినానని, ఇక రాబోయే శ్రమకు ఓపిక వచ్చినదని అన్నది. కాసేపటికి, ఈ నిద్రతో నొప్పులు ఆగిపోయినవేమోనని దిగులుపడినది. పక్కగదినుండి బిడ్డను తెచ్చి చూపి, కాన్పు అయిపోయినదని, ఇది నీ బిడ్డయే అని నమ్మించడానికి వారికి చాల కష్టమైనదట. ఆ బిడ్డకు అనస్థీషియా అని పేరు పెట్టినారన్న కథ చాల పుస్తకాలలో ఉన్నది గాని అది నిజం కాదు. పెట్టిన పేరు విల్హెల్మినా.

ఆ రోజులలోనే మరొక సంఘటన జరిగినది. ఒక శస్త్రచికిత్సకు క్లోరోఫారం ఇవ్వడానికి సింప్సన్‌ను రమ్మన్నారు. ఆయనకు వీలుపడలేదు. మందు లేకుండనే కత్తి ఆనించగా రోగి అక్కడికక్కడే మరణించినాడు. ఆయన వెళ్ళి మందు ఇచ్చి ఉంటే ఆ మరణం క్లోరోఫారం మీదికి వచ్చి, దాని కథ అంతటితో ముగిసేది.

అభ్యంతరాలు రాక మానలేదు. స్త్రీ బాధతో పిల్లలను కనవలెనని బైబిలులో ఉన్నది కదా, దానిని తప్పించడం పాపం కాదా అన్నారు కొందరు. సింప్సన్ ఆ డిసెంబరులోనే సమాధానంగా ఒక చిన్న పుస్తకం ప్రకటించినాడు. హీబ్రూ మూలంలోని ఆ మాటకు నొప్పి అని కాక శ్రమ అని అర్థమని, ఆదాము పక్కటెముక తీయడానికి ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలిగించినాడని అందులో వాదించినాడు. మతాధికారులందరూ ఏకమై ఆయనపై దండెత్తినారని మనం చదువుకొన్నాము. తరువాతి చరిత్రకారులు ఆనాటి పత్రాలను శోధించి, మతపరమైన వ్రాతలు చాల తక్కువని తేల్చినారు. గట్టి వ్యతిరేకత వచ్చినది వైద్యులనుండి. ఫిలడెల్ఫియా ఆచార్యుడు చార్లెస్ మీగ్స్ పురిటినొప్పిని జీవశక్తి యొక్క వ్యక్తీకరణగా భావించి, దానిని మాన్పవలసిన పని లేదన్నాడు. నడక మనిషికి సహజమే అయినా దూరప్రయాణానికి బండి ఎక్కడం లేదా అన్నది సింప్సన్ ఇచ్చిన జవాబు సారాంశం. వాదంతో తృప్తిపడక, డబ్లిన్ ప్రసూతి ఆసుపత్రి లెక్కలు తీసి, కాన్పు ఎంత దీర్ఘమైతే తల్లుల మరణాలు అంత పెరుగుతున్నవని చూపినాడు. నొప్పి ఉత్త నొప్పి మాత్రమే కాదని, ప్రాణశక్తిని హరించేదని ఆయన నమ్మకం.

1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ఎనిమిదవ సంతానమైన లియోపోల్డును కన్నప్పుడు క్లోరోఫారం పీల్చినది. ఇచ్చినవాడు సింప్సన్ కాదు, లండన్ వైద్యుడు జాన్ స్నో. కలరా నీటివలన వ్యాపిస్తుందని నిరూపించిన స్నోయే ఈయన. రాణి పూర్తిగా స్పృహ కోల్పోకుండ, నొప్పి వచ్చినప్పుడెల్ల రుమాలుపై కొద్ది చుక్కలు వేస్తూ యాభై మూడు నిమిషాలు ఇచ్చినాడు. 1857లో బియాట్రిస్ పుట్టినప్పుడు మళ్ళీ ఆయననే పిలిపించినారు. రాణియే స్వీకరించిన తరువాత సామాన్య కుటుంబాల స్త్రీలు అడగడానికి సంకోచం తగ్గినది.

సింప్సన్‌ను పొగడుతూ పోతే సత్యానికి అన్యాయమవుతుంది. 1848 జనవరి 28న న్యూకాసిల్ సమీపాన హానా గ్రీనర్ అనే పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయడానికి క్లోరోఫారం ఇవ్వగా రెండు మూడు నిమిషాలలో మరణించినది. మందు కారణం కాదని, తేర్చడానికి నోటిలో పోసిన నీరు, బ్రాందీ ఊపిరి అడ్డగించినవని సింప్సన్ పట్టుబట్టినాడు. గుండెయే ఆగినదని స్నో అన్నాడు. స్నో ఆవిరి పాలు ఎంతో కొలిచి ఇచ్చే పరికరం చేసుకొన్నాడు. సింప్సన్ చివరివరకు రుమాలును నమ్ముకొన్నాడు. ఎడింబరోవారు ఊపిరిని మాత్రం గమనిస్తే చాలునన్నారు, లండన్‌వారు నాడిని కూడ చూడవలెనన్నారు. ఈ తగవు మన హైదరాబాదుదాకా వచ్చినది. ఎడింబరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ అక్కడ రెసిడెన్సీ సర్జనుగా, వైద్యపాఠశాల అధిపతిగా ఉండి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం సంఘాలను నడిపినాడు. రెండవదానికి ఇంగ్లండు నుండి లాడర్ బ్రంటన్ వచ్చినాడు. వందలకొలది జంతువులపై పరీక్షించి, ఊపిరియే ముందు ఆగుతుందని తీర్పు చెప్పినారు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, తేలికగా ఇచ్చిన క్లోరోఫారం కూడ గుండెను హఠాత్తుగా దడదడలాడించి ఆపివేయగలదని నిరూపించడంతో స్నో మాటయే నిలిచినది. అయినా మందు ఇచ్చే విద్య మన దేశంలో ఒక ప్రత్యేకశాస్త్రంగా వేరూనడానికి ఆ హైదరాబాదు కృషి తోడ్పడినది. అక్కడి పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు ఇవ్వడంలో పేరుపొందిన తొలి మహిళలలో ఒకరు.

హానా మరణించిన మాసమే న్యూయార్కు చెరసాలలో హొరేస్ వెల్స్ ప్రాణం తీసుకొన్నాడు. తనపై తానే క్లోరోఫారం పరీక్షించుకొంటూ దానికి దాసుడై, మతి తప్పి, వీధిలో స్త్రీలపై ఆమ్లం చల్లి పట్టుబడినాడు. మృదువైన వాయువును కనుగొన్నవాడిని బలమైన ద్రవం బలిగొన్నది.

ఇతర విషయాలలోను సింప్సన్‌ది ఇదే తొందర, ఇదే తెగువ. ఆయన ఇంటిలో రోగులు కిటకిటలాడేవారు. బీదలవద్ద సొమ్ము పుచ్చుకొనేవాడు కాడు. గాలికి కొట్టుకొనే కిటికీ సందులో చప్పుడు ఆపడానికి కరెన్సీ నోటు మడచి దోపినాడని చెబుతారు. స్త్రీలకు వైద్యవిద్య నిషిద్ధమైన రోజులలో ఎమిలీ బ్లాక్‌వెల్‌ను తన శిష్యురాలిగా చేర్చుకొన్నాడు. పెద్ద ఆసుపత్రులలో అవయవచ్ఛేదం జరిగిన 2,089 మందిలో 855 మంది, పల్లెలలో 2,098 మందిలో 226 మంది మాత్రమే మరణించినారని 1869లో లెక్క తేల్చి, ఆసుపత్రుల కట్టడిని మార్చవలెనన్నాడు. ఆ మరణాలకు సరైన విరుగుడు లిస్టర్ చేతిలో ఉండగా, దానిని మాత్రం గుర్తింపక ఎదిరించినాడు. సైమ్ అనే సహోద్యోగితో ఆయన వైరం ఊరంతటికీ వింత. పుట్టిన తొమ్మిదిమంది పిల్లలలో అయిదుగురు కన్నుల ఎదుటనే పోయినారు. 1866లో బారొనెట్ బిరుదు వచ్చిన కొద్ది వారాలకే పెద్దకొడుకు డేవిడ్ మరణించినాడు.

1870లో గుండెనొప్పితో మంచాన ఉన్నప్పుడు, మత్తువైద్యం కనుగొన్న కీర్తినంతా ఎడింబరో అపహరించుచున్నదని బోస్టన్‌నుండి బిగెలో అనే వైద్యుడు ఆక్షేపించినాడు. సింప్సన్ పడకమీదినుండే దీర్ఘమైన సమాధానం వ్రాయించినాడు. అందులో డేవీ 1800లో చేసిన సూచనను, వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ ప్రయోగాన్ని ముందుకు తెచ్చి నిలిపినాడు. మే 6వ తేదీన అన్న అలెగ్జాండర్ ఒడిలో తల ఉంచి కన్నుమూసినాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు ఇస్తామన్నా కుటుంబం అంగీకరింపక, పిల్లలు నిద్రించే వారిస్టన్ శ్మశానంలోనే ఖననం చేసినది. ఎడింబరో నగరమంతా వీధులలో నిలిచినది.

పదునొకండు సంవత్సరాల తరువాత, 1881లో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో క్లికోవిచ్ అనే వైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ ఎనుబది పాళ్ళు, ప్రాణవాయువు ఇరువది పాళ్ళు కలిపి ప్రసవించే స్త్రీలకు ఇచ్చినాడు. గర్భాశయం బలం తగ్గలేదు, తల్లులు స్పృహలోనే ఉన్నారు. కాని సిలిండర్లు మోయడం, ఖర్చు అడ్డమైనవి. 1933లో రాబర్ట్ మినిట్ ఆ వాయువును గాలితో కలిపి ఇచ్చే చిన్న పెట్టెను తయారుచేసినాడు. ఆయన ఊరు లివర్‌పూల్. సింప్సన్‌కు భార్యను, క్లోరోఫారం సలహాను ఇచ్చిన ఊరే. 1936నుండి ఇంగ్లండులో శిక్షణ పొందిన మంత్రసానులు వైద్యుడు దగ్గర లేకున్నా దానిని వాడడానికి అనుమతి లభించినది. అందులో ప్రాణవాయువు చాలలేదు. 1961లో టన్‌స్టాల్ అనే వైద్యుడు నైట్రస్ ఆక్సైడ్‌ను, ప్రాణవాయువును సమపాళ్ళలో ఒకే సిలిండరులో నింపి ఆ లోపం సవరించినాడు. ఎంటొనాక్స్ అనే పేరుతో అది బ్రిటనులోను, మరికొన్ని దేశాలలోను, మన దేశంలో కొన్ని ఆసుపత్రులలోను వాడుకలో ఉన్నది. అది నొప్పిని పూర్తిగా తొలగించదు, దాని పదును తగ్గిస్తుంది. పీల్చిన అర నిమిషానికి గాని పనిచేయడం మొదలుపెట్టదు కనుక, నొప్పి రాబోతున్నదని తెలిసిన వెంటనే పీల్చవలెను. పీల్చడం ఆపిన కొద్ది నిమిషాలలో ఊపిరితోనే బయటికి పోతుంది. దానిని వైద్యుడు గాని మంత్రసాని గాని తల్లి ముఖానికి పట్టరు. ఆమెయే తన చేతితో పట్టుకొంటుంది. మత్తు ఎక్కువైతే చేయి దానంతట అదే జారిపోతుంది, ఆవిరి ఆగిపోతుంది.